తెలియని ఓడకు నేను పెట్టిన పేరు

ఆ రోజు నేను రెండు తప్పులు చేశాను. తెలియని దాన్ని తెలుసునని చెప్పడం మొదటిది. అది బయటపడ్డాక నేరాన్ని యంత్రం మీదికి నెట్టడం రెండోది. మొదటిదానికి ఉద్యోగంలో పట్టిన అలవాటు కారణమని చెప్పుకోవచ్చు. రెండోదానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. సిగ్గేసింది, అబద్ధమాడాను, అంతే. ఆ అబద్ధం వల్ల ఒక అమ్మాయి రెండేళ్ల పని, దానితోపాటు ఆమె ఉద్యోగం మధ్యాహ్నం భోజనాల వేళకల్లా పోయాయి.

ముప్పై నాలుగేళ్లు రైలు పట్టాల్లో పగుళ్లు వెతికిన మనిషిని నేను. కంటికి కనిపించే పగుళ్లు కాదు, ఇనుము లోపల ఉండేవి. పట్టా మీద తోసుకుంటూ పోయే చిన్న ట్రాలీ, దాని కింద ప్రోబులు, పైన అరచేతి వెడల్పు తెర. ప్రోబు మన చెవికి అందని శబ్దాన్ని పట్టాలోకి పంపుతుంది. లోపల ఏదైనా అడ్డం తగిలితే ఆ శబ్దం తిరిగి వస్తుంది, తెర మీద ఒక గీత లేస్తుంది. అంతే చెబుతుంది యంత్రం. ఆ గీత బోల్టు రంధ్రం కావచ్చు, వెల్డింగు అతుకు కావచ్చు, రేపు బండిని పడేసే పగులు కావచ్చు. ఏదో తేల్చాల్సింది మనిషి. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొదటి రోజే ఒక మాట చెప్పేవాణ్ని: తప్పు చదివి ప్రోబు మీద వంక పెట్టేవాడు ఈ పనికి పనికిరాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను గుర్తుపెట్టుకోలేదు.

రిటైరయ్యాక నాంపల్లిలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. పొద్దున పబ్లిక్ గార్డెన్స్‌లో నడక, ఆదివారం ఆరాధన, మిగిలిన వేళంతా ఇంట్లోవాళ్ల పనికి అడ్డం. ఒక వేసవిలో ఎండుమిర్చి కోసం బేగం బజార్‌కు వెళ్లాను. అక్కడ నాకు ఏళ్లుగా తెలిసిన మసాలా దినుసుల వ్యాపారి ఉన్నాడు. మాటల్లో మాటగా ఆయన అన్నాడు:

"మా పోరడు ఆబిడ్స్‌ల ఆఫీసు పెట్టిండు సార్. ఆకాశంల యుద్ధాలట, కంప్యూటర్‌ల ఆడుకునేటియి. మెషిన్ల సంగతి తెల్సినోళ్లుంటే తోలియ్యి నాయినా అన్నడు. జర పోయి చూడున్రి. నేను రెండుసార్లు పోయిన, గాడ ఏం జరుగుతున్నదో సమజ్ గాలే."

పోయాను. చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, పనిచేయదు. లోపల పగలే చీకటి. తెరల మీద వెలుతురు పడకూడదని కిటికీలకు నల్లటి పరదాలు. ఆరేడుగురు కుర్రకారు చెవులకు డిప్పలు తగిలించుకుని, పక్కన కూర్చున్నవాళ్లతో కూడా కంప్యూటర్‌లోనే మాట్లాడుకుంటున్నారు. వ్యాపారి గారి కొడుక్కి ముప్పై ఏళ్లుంటాయి. తండ్రి రోజంతా గల్లాపెట్టె ముందు కూర్చునే మనిషి అయితే, ఇతను కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. నన్ను అంకుల్ అన్నాడు, కుర్చీ వేశాడు, తన ఆట చూపించాడు.

మీలో చాలామంది ఇలాంటి ఆటలు ఆడి ఉంటారు. నక్షత్రాల పటం ఉంటుంది. మీ గ్రహాలు, మీ ఓడలు, మీ సైన్యం. ఎక్కడో మూలన ఎవరూ ఎన్నడూ చూడని జాతి ఓడ ఒకటి వస్తుంది. మీరు 'స్కాన్' అనే బటన్ నొక్కుతారు. నీలం రంగు గుండ్రం ఒకటి నీళ్లలో రాయి వేసినట్టు విచ్చుకుంటుంది, టింగుమంటుంది. అంతే, ఆ ఓడ పేరు, జాతి, ఫిరంగులు ఎన్ని, అవి ఎంత దూరం కొడతాయి, కవచం మందం ఎంత, చివరికి లోపలున్న సిపాయిల మనోధైర్యం ఎంత, అన్నీ పట్టికలో వచ్చి పడతాయి.

"ఏంది బాబూ ఇది?" అన్నాను.

"స్కాన్ అంకుల్."

"ఎన్నడూ చూడని ఓడ అన్నవ్ గదా?"

"ఔ. మొదటిసారి కనవడ్తున్నది."

"మరి పేరెట్ల తెల్సింది? ఓడకు బోర్డు గిట్ల తగిలించుకొని వచ్చిన్రా?"

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

"తోపు ఎంత దూరం కొడ్తదో రాసినవ్. వాళ్లేమన్న ఒకసారి పేల్చి చూపిచ్చిన్రా? సిపాయిల ధైర్యం గూడ రాసినవ్. మా డిపోల నా పక్కన ఇరవై ఏండ్లు కూసున్నోని ధైర్యం ఎంతనో నాకు ఇయ్యాల్టికి తెల్వది."

"ఆట గదా అంకుల్."

"ఆటనే. చదరంగం గూడ ఆటనే. గాడ గుర్రం గుర్రమే అని ఇద్దరికీ తెల్సు, ఎవ్వరూ దాస్తలేరు. నువ్వు తెల్వనిది అని పేరు పెట్టి, మల్ల అన్నీ చెప్పవడ్తివి. ఇంగ తెల్వనిది ఏం మిగిలింది?"

తర్వాత చూపించింది ఇంకా విడ్డూరం. యుద్ధంలో పడిపోయిన ఆ పరాయి ఓడ ముక్క ఒకటి దొరుకుతుంది. దాన్ని మీ పరిశోధనశాలకు పంపుతారు. అక్కడ ఒక పట్టీ నిండుతూ పోతుంది: నూటికి పది, నూటికి నలభై, నూటికి తొంభై. నిండగానే ఆ జాతి విద్యంతా మీ ఇంజనీర్లకు వచ్చేసి, మరుసటి నిమిషం మీ ఓడలకు బిగించేస్తారు. నూటికి నలభై తెలిసిందని చెప్పాలంటే మొత్తం ఎంతో ముందే తెలిసి ఉండాలి. అసలు తెలియనే తెలియని దాంట్లో నలభై వంతులు అయిపోయాయని కొలిచిన మహానుభావుడెవరు?

మా డిపోకు ఒకసారి విదేశం నుంచి కొత్త యంత్రం వచ్చింది. చేసింది మనలాంటి మనుషులే. స్క్రూలకు మన స్క్రూడ్రైవరే పట్టింది. పుస్తకం మాత్రం మాకు రాని భాషలో ఉంది. దాన్ని వెలిగించడానికి మాకు రెండు రోజులు పట్టింది. దాని మీద ఆకుపచ్చ బటన్ ఒకటి ఉండేది. అది ఎందుకో నేను రిటైరయ్యే నాటికి కూడా ఎవరికీ తెలియదు. నొక్కితే ఏమీ కాదు, అయినా ఎవరూ నొక్కేవాళ్లం కాదు. తెలియని యంత్రం అంటే అలా ఉంటుంది. అది పట్టీలా నిండదు.

ఇదంతా నేను గొంతు పెంచి చెబుతుంటే మూల సీటులో ఒక అమ్మాయి చెవుల డిప్పలు తీసి వింటోంది. ఆమెది సుల్తాన్ బజార్, తండ్రి బడిపంతులు. యజమాని వేరే పని మీద పక్కకు వెళ్లగానే నా దగ్గరికి వచ్చింది.

"సార్, నేను రెండేండ్ల సంది ఇదే మొత్తుకుంటున్న. ఎవ్వరు వింటలేరు. జర నాది చూస్తరా?"

ఆమె వేరే స్కానర్ తయారుచేసింది. అందులో ఆడేవాళ్ల వంతు వచ్చినప్పుడల్లా ఒక్కో ముక్కే తెలుస్తుంది. మొదటి వంతులో అక్కడేదో ఉంది అని మాత్రమే. తర్వాతి వంతులో ఎంత పెద్దది, ఎక్కడ వేడి. ఇంకా తెలియాలంటే ఆగాలి, లేదా దగ్గరికి పోవాలి. దగ్గరికి పోతే వాళ్లకు మీరూ కనిపిస్తారు. దొరికిన పరాయి సామాను వాడుకోవచ్చు, కాని అది ఎందుకు పనిచేస్తోందో తెలియదు, ఎప్పుడు ఆగిపోతుందో అంతకన్నా తెలియదు. అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది ఒక ఖాళీ గడి. ఆమె స్కానర్ దేనికీ పేరు చెప్పదు. పేరు కావాలంటే స్కానర్ దగ్గర కూర్చున్న మనిషే ఆ గడిలో రాయాలి. రాసిన పేరే సేనాపతి పటం మీద కనిపిస్తుంది. అక్కణ్నించి అందరూ ఆ పేరును బట్టే నడుస్తారు.

"ఇది ఎవరు నేర్పిన్రు బిడ్డా నీకు?" అన్నాను.

"ఎవ్వరు నేర్పలే సార్. మా అమ్మకు స్కానింగ్ చేయిస్తే రిపోర్టుల రాసిన ఒక్క మాటకు ఇంట్ల నెల రోజులు ఏడ్సినం. తర్వాత చూస్తే ఏం లేదు. మాట రాసినాయన ఫొటోల చూసింది వేరు, రాసింది వేరు."

ఆ రోజు నుంచి నేను ఆ కంపెనీకి సలహాదారుణ్ని. వారానికి రెండు రోజులు మెట్లెక్కేవాణ్ని. ఆమె స్కానర్ పక్కన కూర్చుని, శబ్దం ఎలా చెదురుతుందో, ఒకే గీత రెండు కారణాల వల్ల ఎలా లేస్తుందో చెప్పేవాణ్ని. ఆమె రాసుకునేది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నా ఉపన్యాసం ఒక్కటే: యంత్రం చెప్పిందానికి మనం ఒక్క మాట కలిపినా అది అబద్ధమే. కుర్రాళ్లు తల ఊపేవాళ్లు. నేను కుర్చీలో ఇంకొంచెం వెనక్కి వాలేవాణ్ని. ఉద్యోగంలో ఉన్నప్పుడు నా మాట ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు మరి.

యజమాని మాత్రం ఊగిసలాడుతూనే ఉన్నాడు. ఆటను మార్కెట్లోకి తెచ్చే ముంబై సంస్థ నుంచి ఒకావిడ చూడటానికి వస్తోందని తెలిసిన రోజు నన్ను పక్కకు పిలిచాడు.

"అంకుల్, సాఫ్ చెప్తున్న. ఆమెకు నచ్చితే ఈ స్కానర్ ఉంటది. నచ్చకుంటే పాత నీలం గుండ్రమే పెడ్త. అప్పుడు స్కానర్ మీద పనిచేసేటోళ్లు నాకు అక్కర ఉండరు. ఆ పిల్లకు గూడ చెప్పిన."

"ఏమన్నది?"

"ఆమె ముంగట స్కానర్ కాడ మీరు కూసుంటే ఫికర్ లేదన్నది. సార్ చదివితే కరెక్టుగ చదువుతరు అన్నది."

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

వచ్చినావిడకు నలభై దాటి ఉంటాయి. పుట్టింది విశాఖపట్నమట, ఉద్యోగం ముంబైలో. తీరిక లేని మనిషి. మధ్యాహ్నం నాంపల్లి నుంచే ఆమె బండి. ఆట మొదలుకాకముందే నేను నా ముప్పై నాలుగేళ్ల గొప్ప ఆమెకు చెప్పేశాను. ఆమె మర్యాదగా విని, వెనక కుర్చీలో నోట్‌బుక్ తెరుచుకుని కూర్చుంది. యజమాని సేనాపతి. నేను స్కానర్ దగ్గర. అమ్మాయి మూలన, మాట్లాడకూడదనే షరతు మీద.

మొదటి వంతులో ఏదో ఉందని వచ్చింది. రెండో వంతులో: పెద్దది, వెనక భాగం వేడిగా ఉంది, మెల్లగా మా గ్రహం మీది కాలనీ వైపు వస్తోంది. మూడో వంతులో: ముందు భాగం నుంచి సమానమైన ఎడంతో రేడియో తరంగం, ప్రతిసారీ ముందటిదానికన్నా బలంగా. దాని కింద చిన్న అక్షరాల్లో, ఇంకో వంతు ఆగితే దగ్గరి చూపు దొరుకుతుందని ఉంది.

"ఏంది అంకుల్ అది?" యజమాని అప్పటికే లేచి నిలబడ్డాడు. "జల్ది చెప్పున్రి, మన కాలనీ మీదికే వస్తున్నది."

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. తెర మీద గీత అనుమానంగా ఉంటే మేం పట్టా మీద రంగు గుర్తు వేసి, మార్చమని రాసేవాళ్లం. మార్చిన పట్టా మంచిదని తర్వాత తేలినా ఎవరూ ఏమీ అనరు. ఇనుముకు పరువు నష్టం లేదు. చెడ్డదాన్ని వదిలేస్తే మాత్రం బండి పడుతుంది. అందుకని అనుమానం వచ్చిందంటే అది లోపమే అనుకోవడం మాకు వేళ్లలోకి దిగిపోయింది. పట్టాల విషయంలో అది మంచి అలవాటే. వేల మంది ప్రయాణికులను కాపాడే అలవాటు. పట్టా స్థానంలో ఓడ ఉందని, ఓడలో ఎవరైనా ఉండొచ్చని నా వేళ్లకు తోచలేదు. పైగా వెనక ఒక పెద్ద మనిషి నోట్‌బుక్‌తో కూర్చుని ఉంది. ఆమె ముందు 'తెలియదు' అనడం నాకు చేతకాలేదు.

ఖాళీ గడిలో రాశాను: యుద్ధనౌక, ఫిరంగులు సిద్ధం చేస్తోంది.

సేనాపతి పటం మీద ఆ పేరు వెలిగింది. ఆ పేరు పడ్డాక వేడి, ఎడం, తరంగం ఇవేవీ ఎవరికీ అక్కర్లేదు. యజమాని మూడు ఓడలను పంపాడు. ఒక్క వంతులో పని అయిపోయింది. ఎదురుకాల్పులు లేవు.

తర్వాత శిథిలాల వివరం వచ్చింది. ఆయుధాలు ఏవీ లేవు. వరుసలు వరుసలుగా నిద్రగదులు, ఇంకా వెచ్చగా. ముందు భాగంలో ఉన్నది ఫిరంగి కాదు, పలకరించే యంత్రం. జవాబు రాకపోయేసరికి మళ్లీ మళ్లీ, గొంతు పెంచి పిలిచింది. ఆ జాతి ఇక ఎన్నటికీ మాతో మాట్లాడదని తెర మీద ఒక వాక్యం వచ్చి ఆగింది.

వెనక నుంచి ఆవిడ అడిగింది, "ఏమైందండీ? మీకు ఏం కనిపించింది, మీరేం రాశారు?"

అందరూ నా వైపే చూశారు.

"సిగ్నల్ సాఫ్ లేదమ్మా. స్కానర్ ఇచ్చింది చాలలేదు. గింతే ఇస్తే ఎవ్వరైనా గట్లనే చదువుతరు."

అమ్మాయి నా వైపు చూసింది. కోపంగా కాదు. పాఠం చెప్పిన పంతులే పరీక్షలో చూసి రాస్తూ దొరికితే పిల్లలు ఎలా చూస్తారో అలా. మాట్లాడకూడదన్న షరతు ఆమెకు గుర్తుంది, మాట్లాడలేదు.

ఆవిడ నోట్‌బుక్ మూసింది. "ఇంత అనుభవం ఉన్నవారికే తేలకపోతే, సాయంత్రం అరగంట ఆడుకునే వాళ్లకు ఏం తేలుతుందండీ? నాకైతే పాతదే నయమనిపిస్తోంది."

"తీసేస్తం మేడం," అన్నాడు యజమాని. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆవిడ వెళ్లిపోయింది. కుర్రాళ్లు భోజనం డబ్బాలు తెరుచుకున్నారు. అమ్మాయి తన మూలలో సామాను సర్దుకుంటోంది: ఒక కప్పు, చెవుల డిప్పలు, నా మాటలు రాసుకున్న నోట్‌బుక్. ఆ నోట్‌బుక్‌ను సంచిలో పెట్టాలా, బల్ల మీదే వదిలేయాలా అని ఆమె ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. దగ్గరికి వెళ్లాను.

"తప్పయింది బిడ్డా. మాఫ్ చెయ్."

"మూడో లైను కింద ఏం రాసి ఉండె సార్?"

"ఇంకో వంతు ఆగుమని."

"చదివిన్రా?"

"చదివిన."

"చదివి?"

ఆమె కప్పును సంచిలో పెట్టుకుంది.

"నాకెందుకు చెప్తున్నరు సార్? నా స్కానర్ ఏం చూపిచ్చిందో నాకు తెల్సు. తెల్వనిది ఆ ముంబై మేడంకు."

నేను మెదక్ దగ్గర మిషన్ బడిలో చదువుకున్నవాణ్ని. ప్రతి ఆదివారం ఆరాధనలో అందరితోపాటు నిలబడి పాపాలు ఒప్పుకుంటాను. అరవై ఏళ్లుగా ఒప్పుకుంటూనే ఉన్నాను. అందరూ ఒక్క గొంతుతో చెబుతారు కనుక ఎవరి పాపం ఏదో ఎవరూ అడగరు. చాలా సుఖమైన ఏర్పాటు. ఈ అమ్మాయి నన్ను ఒక్కణ్నే నిలబెట్టి, ఎవరికి చెప్పాలో కూడా వేలు పెట్టి చూపించింది.

"ఆ మూడు లైన్లు, నేను రాసిన పేరు కాగితం మీద వస్తయా?" అని అడిగాను.

ఆమె ప్రింటు తీసి ఇచ్చింది. ఆ బల్ల మీదే కాగితం వెనక వైపు, ఉద్యోగంలో రాసిన పద్ధతిలోనే తనిఖీ రిపోర్టు రాశాను. యంత్రం చూపించింది ఏమిటి. పరీక్షకుడు నమోదు చేసింది ఏమిటి. రెండింటికీ తేడా ఏమిటి. యంత్రంలో లోపం: లేదు. లోపం ఎవరిది: పరీక్షకుడిది. కింద సంతకం. వేల రిపోర్టులు రాశాను గాని ఆఖరి గడిలో లోపం నాదని రాసుకోవడం అదే మొదటిసారి.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ ఎంతో దూరం కాదు. ఆటో ఎక్కాను గాని మొదటి సిగ్నల్ దగ్గరే అది ఇరుక్కుంటే దిగి నడిచాను. ఇస్త్రీ చొక్కా వీపుకు అతుక్కుంది. బండి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. ఏసీ పెట్టెల పక్కన వెతుక్కుంటూ పోతే, ఆవిడ ఒక బెంచీ మీద కూర్చుని చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటోంది.

"మీరేంటండీ ఇక్కడ?"

కాగితం చేతికిచ్చాను. ముందు వైపు చదివింది. తిప్పి వెనక వైపు చదివింది.

"మరి అక్కడే చెప్పొచ్చు కదండీ ఈ మాట?"

"సిగ్గయిందమ్మా."

"ఇప్పుడు అవ్వట్లేదా?"

"ఇప్పుడు గూడ అయితున్నది. కానీ ఆ పిల్ల సామాను సర్దుకుంటున్నది."

ఆవిడ చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. "స్కానర్ తప్పు కాదు, ఒప్పుకుంటాను. కాని మీరు ఇంకో వైపు ఆలోచించండి. ఆగమని రాసి ఉన్నా మీరు ఆగలేదు. ఆడేవాళ్లూ ఆగరు. తప్పు పేరు పెడతారు, కాలుస్తారు, తర్వాత మమ్మల్ని తిడతారు. అప్పుడు ఏం చేయమంటారు?"

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. బెంచీ చివర కూర్చున్నాను.

"అమ్మా, మీరు గిసొంటి ఆటలు ఎన్నో చూసుంటరు. వాటిల్ల ఎన్ని ఓడలు కూల్చిన్రో యాదికున్నదా?"

"అదెలా గుర్తుంటుందండీ?"

"నాకు ఈ ఒక్కటి యాదికున్నది. పొద్దున కూల్చిన. ఆబిడ్స్ కాడ్నుంచి గీడిదాంక ఆ పండుకునే గదులే కండ్ల ముందున్నయి. పట్టికల చూసి కాల్చి ఉంటే ఇట్ల ఉండకపోతుండె. నేనే పేరు పెట్టిన గదా, అందుకే ఇడుస్తలేదు. ఆడేటోళ్లు తిట్టనీయున్రి. మరుసటిసారి ఒక వంతు ఆగుతరు."

ఆవిడ కాగితాన్ని మడిచి నోట్‌బుక్‌లో పెట్టుకుంది. బండి కదిలే ముందు తలుపు దగ్గర నిలబడి, "చూద్దాం. మాట మాత్రం ఇవ్వలేనండీ," అంది.

తిరిగి ఆఫీసుకు వెళ్లేసరికి అమ్మాయి వెళ్లిపోయింది. యజమానికి జరిగింది చెప్పాను. అతని ముఖం ఎర్రబడింది.

"నాకు చెప్పకుండ స్టేషన్‌కు పోయిన్రా? నా ఆట గురించి నా వెనక మాట్లాడిన్రా అంకుల్?"

"నీ ముంగట అబద్ధం చెప్పిన. నీ వెనక నిజం చెప్పిన. తిట్టేదుంటే రెండిటికీ కలిపి తిట్టు."

తిట్టాడు. తండ్రి నోరు వచ్చిందని అప్పుడు తెలిసింది. మరుసటి రోజు పొద్దున కుర్రాళ్లందరినీ ఆ తెర ముందుకు పిలిచి, మూడు లైన్లూ చూపించి, నేను ఎక్కడ ఆగాల్సిందో, ఎందుకు ఆగలేదో చెప్పాను. ఒకతను, "మీరే గదా సార్ మాకు చెప్పింది," అన్నాడు. "ఔ, నేనే," అన్నాను. ఆ తర్వాత అక్కడ నా ఉపన్యాసాలు సాగలేదు. సాగనందుకు ఎవరూ బాధపడినట్టు కూడా కనిపించలేదు.

రెండు వారాలకు ముంబై నుంచి జవాబు వచ్చింది. రెండు స్కానర్లూ ఉంచమన్నారు. ఏది కావాలో ఆడేవాళ్లే ఎంచుకుంటారట. అమ్మాయిని యజమాని తానే ఫోన్ చేసి పిలిపించాడు. ఆమె వచ్చింది. నన్ను చూసి తల పంకించి తన సీటులో కూర్చుంది. అంతకన్నా ఎక్కువ నేను ఆశించలేదు.

ఇప్పుడు ఆట బయట అమ్ముడుపోతోంది. ఎక్కువ మంది నీలం గుండ్రమే ఎంచుకుంటున్నారని యజమాని చెబుతాడు. ఎంచుకోనీయండి. అన్నీ ముందే తెలిసిన ఆకాశంలో యుద్ధం గెలిచి సంబరపడేవాళ్లను ఎవరు ఆపగలరు? మీరూ ఆ జాబితాలో ఉంటే మీ ఇష్టం. అయితే సామాన్ల చిట్టా చదివి కొట్టు దోచుకున్నట్టు అది, అన్వేషణ అని మాత్రం అనకండి. నాకు మిమ్మల్ని ఎగతాళి చేసే హక్కు అంతగా లేదని తెలుసు. నీలం గుండ్రం కన్నా గట్టిగా టింగుమన్నవాణ్ని నేను.

నేను యజమానిని రెండు అడిగాను. ఒకటి, ఆడే మనిషి ఓడకు ఏ పేరు పెట్టినా యంత్రం చూపించిన అసలు లైన్లు ఆ పేరు కిందే ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి; సేనాపతి కాల్చే ముందు అవి కూడా చదవాలి. అమ్మాయి దాన్ని నాలుగు రోజుల్లో చేసిపెట్టింది. రెండోది, నా సలహాదారు పదవి తీసేయాలి. ఇప్పుడు నేను ఆమె కింద పరీక్షించేవాణ్ని. మంగళవారం, శుక్రవారం మూడంతస్తులు ఎక్కి వెళ్తాను. ఆమె ఏదో కొత్త వస్తువును ఆకాశంలో వదిలి వెళ్తుంది, ఏమిటో చెప్పదు. నేను స్కానర్ ముందు కూర్చుని చూసింది చూసినట్టు కాగితం మీద రాయాలి. సాయంత్రం ఆమె ఆ కాగితం దిద్దుతుంది.

పోయిన శుక్రవారం నేను రాసింది ఇది: పెద్దది, చల్లగా ఉంది, కదలడం లేదు, భయపెడుతోంది. ఆమె ఆఖరి మాటను కొట్టేసి, పక్కన 'భయం మీది సార్, దానిది కాదు' అని రాసింది.

దిద్దుకుని మళ్లీ రాసి ఇచ్చాను.